ఆటోపైలట్ కట్టేసే చెయ్యి

తెరమీద అంతరిక్ష స్టేషన్ ఊగడం మొదలుపెట్టినప్పుడు బావమరిది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

గోడంత తెరకి వీపు పెట్టి, కొత్త కంప్యూటర్ ఆట చూడటానికొచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులతో మాట్లాడుతున్నాడు. "ఎక్కడికెళ్ళాలో చెప్తే చాలండీ. దారి అదే గీసుకుంటుంది. ఇంజను ఎక్కడ మండించాలో, ఎక్కడ ఆపాలో అంతా ఆటోపైలటే చూసుకుంటుంది. ఇన్నాళ్ళూ మా ఆటలో అంతరిక్షంలోకి వెళ్ళాలంటే లెక్కలు రావాలి, ఓపిక ఉండాలి. ఇకమీదట రెండూ అక్కర్లేదు."

పెద్దమనుషులు నవ్వారు. అతని వెనక తెరమీద, అప్పుడే వచ్చి స్టేషన్‌కి తగులుకున్న ఓడ ముక్కు కాస్త పైకి లేచింది. స్టేషన్ దాన్ని కిందికి నొక్కింది. ఓడ మళ్ళీ లేచింది, ఈసారి ఇంకాస్త ఎక్కువ.

చివరి వరసలో తలుపు పక్కన కూర్చున్న అతని బావ, డ్రైవర్, అది చూశాడు. చూసి ఏమీ అనలేదు. అనాలంటే ముందు లోపల ఏదో ఒకటి కదలాలి. ఈమధ్య అతని లోపల ఏదీ అంత తొందరగా కదలడం లేదు.

రెక్కల్లాంటి పలకలు ముందు ఊడాయి. తర్వాత స్టేషన్ నడుము దగ్గర విరిగింది. అంతరిక్షంలో చప్పుడుండదని ఆ ఆటలో చప్పుడు పెట్టలేదు. అందుకని అంత పెద్ద స్టేషన్ ముక్కచెక్కలవుతుంటే హాల్లో వినబడింది బావమరిది గొంతొక్కటే.

"చూశారుగా," అంటున్నాడు, "ఎంత నిశ్చింతో."

ముందు వరసలో ఒకాయన తెరవైపు వేలు చూపించాడు. బావమరిది వెనక్కి తిరిగాడు.

*

టైర్ల కొట్టు మీద రెండో అంతస్తులో ఉంది ఆ ఆట తయారుచేసే ఆఫీసు. కింద టైరు విప్పినప్పుడల్లా పైన బల్లలమీది నీళ్ళ సీసాలు వణుకుతాయి. టెస్టింగ్ గది అన్నిటికంటే చివరిది. కిటికీ ఉంది గానీ తెరమీద వెలుతురు పడుతుందని ఎప్పుడూ మూసే ఉంటుంది.

ఆ గదిలో డ్రైవర్ని డ్రైవర్ గారూ అనే పిలుస్తారు. సిటీ బస్సు నడిపినవాడు కాబట్టి. ఒక కంటికి పక్కచూపు తగ్గిందని డాక్టరు రాసిచ్చాక బస్సు దిగాడు. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే, భార్య తమ్ముడు తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు. "ఆడుకోవడమే పని బావా. ఆటలో తప్పులుంటే చెప్పాలి, అంతే." ఇంట్లో బావా, నువ్వు. ఆఫీసులో డ్రైవర్ గారూ, మీరు. ఏ పిలుపుకైనా డ్రైవర్ పెద్దగా తేడా చూపించేవాడు కాదు.

పక్క కుర్చీ నిదానమ్మది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ ఆమే ఒప్పేసుకుంది. ఈ ఆటలో దూరాలు దూరాలే. ఇంజను కాసేపే మండుతుంది, మిగతా ప్రయాణమంతా ఖాళీగా జారిపోవడమే. అందుకే కాలాన్ని గబగబా తిప్పే ఏర్పాటు పెట్టారు. అందరూ తిప్పేస్తారు. ఆమె తిప్పదు. బుగ్గన చెయ్యి పెట్టుకుని, ఏమీ జరగని తెరని పాలు పొంగుతాయేమోనని చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంటుంది.

స్టేషన్ విరిగిన రోజు పెద్దమనుషులు కారెక్కి వెళ్ళిపోయాక ఓనర్ ఆ గదిలోకే వచ్చాడు. వెనకాల ఆటోపైలట్ తయారుచేసిన బావమరిది. ఓనర్ కేకలు వేసే మనిషి కాదు. మెడలో వేలాడే కార్డుని గుప్పిట్లో పట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"స్టేషన్‌కి ఓడ తగిలించడం ఎవరు చూస్తారు?"

"నేనేనండి," అని లేచింది నిదానమ్మ. "అది ఊగుతుందని నేను ముందే చెప్పానండి. తగిలించి అలా వదిలేస్తే కాసేపటికి ఊగుతోందని."

బావమరిది అందుకున్నాడు. "చెప్పారు. కాదనట్లేదు. ఎందుకు ఊగుతోంది, ఏం చేస్తే ఊగుతోంది అంటే చెప్పలేదు. అయినా సరే మళ్ళీ చూడమన్నాం. డ్రైవర్ గారు చూశారు. ఆ తప్పు రాలేదు. కదండీ?"

ముగ్గురూ డ్రైవర్ వైపు చూశారు. అతను ఆలోచించాడు. చూశాడు, నిజమే. ఊగలేదు, అదీ నిజమే.

"రాలేదండి," అన్నాడు.

నిదానమ్మ అతనివైపు ఒక్కసారి చూసింది. కోపంగా కాదు. ముందే తెలిసిన మాటని మళ్ళీ విన్నట్టు. ఓనర్ "సరిగ్గా చెప్పడం కూడా పనేనమ్మా," అని, రేపటినుంచి రావద్దని బావమరిది చేత చెప్పించాడు. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, కుర్చీని బల్ల కిందికి తోసి, వెళ్ళిపోయింది. ఎవరూ చెప్పకపోయినా తెరమీద నడుస్తున్న ఆటని ఆపి మరీ వెళ్ళింది.

*

మర్నాడు డ్రైవర్ ఆమె పని కూడా చేశాడు.

అతనికి ఈ ఆటలో మొదట్లో మింగుడుపడనిది ఒకటుంది. ముందు పోతున్నదాన్ని అందుకోవాలంటే బ్రేకు వెయ్యాలి. వేగం తగ్గితే దారి కిందికి దిగుతుంది. కిందిదారి చిన్నది, అందులో బండి త్వరగా చుట్టి వస్తుంది. అలా కిందనుంచి వెళ్ళి, సరిగ్గా సమయం చూసుకుని పైకెక్కితే పక్కన తేలతాం. గాభరాపడి యాక్సిలరేటర్ నొక్కామా, పైకెక్కిపోయి వెనకబడతాం. మొదటి వారమంతా అతను గాభరాపడ్డాడు. తర్వాత పట్టు దొరికింది. ఎందుకంటే గాభరాపడటం ఎలాగూ మానేశాడు.

కొత్త ఆటోపైలట్ వచ్చాక అతని పని ఏమిటంటే, ప్రతి దారినీ ముందు తను చేత్తో నడపాలి. ఆ తర్వాత అదే దారిలో ఆటోపైలట్‌ని వదలాలి. ఎవరి తొట్టిలో ఎక్కువ ఇంధనం మిగిలిందో చూడాలి. మొదట్లో అతనిదే మిగిలేది. బావమరిది అతను నడిపిన దారులన్నీ తీసుకుని ఏవో సవరింపులు చేశాడు. ఇప్పుడు ఆటోపైలట్‌దే మిగులుతోంది. ఓడిపోయినందుకు ఏమైనా అనిపిస్తుందేమోనని కొన్నాళ్ళు ఎదురుచూశాడు. ఏమీ అనిపించలేదు.

ఆటోపైలట్‌కి స్టేషన్‌ని చూపించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నీలం చుక్కల గీత తెరమీద వంపు తిరిగింది. మండించాల్సిన చోట చిన్న ముడి కనబడింది. ఓడ తనంతట తనే ముక్కు తిప్పుకుంది. ఆ ముడి ఇంకా రాకముందే ఇంజను అంటుకుంది. సగం మంట ముడికి ముందు, సగం మంట ముడి దాటాక. అలా మండిస్తేనే గీత మీద నిలుస్తుంది. గోడవారగా బస్సు ఆపేవాడికి ఈ ముందూ వెనకా చూసుకోవడం ఒకరు చెప్పక్కర్లేదు. స్టేషన్ చుక్కలా ఉన్నది పలకంతయింది, ఇల్లంతయింది. ఓడ మెల్లిగా ముందుకు జరిగి కొక్కెంలో కూర్చుంది.

డ్రైవర్ ఎడమచెయ్యి ఒళ్ళోంచి లేచింది. బల్లమీదికి వెళ్ళి, మూలనున్న మీట నొక్కి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది. తెర మూల వెలుగుతున్న ఆటోపైలట్ పచ్చదీపం ఆరిపోయింది.

అతను ఆ దీపం ఉన్నచోటునే చూస్తూ ఉండిపోయాడు.

నిన్న గోడమీద స్టేషన్ విరుగుతున్నంతసేపూ ఆ పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

మళ్ళీ మొదలుపెట్టాడు. ఓడ వచ్చింది, కూర్చుంది, చెయ్యి లేచింది, దీపం ఆరింది. తను నొక్కాలనుకోలేదు. బస్సు ఆగిందంటే గేరు తియ్యాలి, హ్యాండ్‌బ్రేకు లాగాలి, తాళంచెవి తిప్పాలి. ఇరవై ఏళ్ళు చేసి చేసి, చెయ్యి ఇంక అతన్ని అడగడం మానేసింది. బండి ఆగితే కట్టేస్తుంది, అంతే.

మూడోసారి కనిపెట్టి ఉండి చేతిని గాల్లోనే ఆపాడు. దీపం వెలుగుతూనే ఉంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఓడ ముక్కు లేచింది. స్టేషన్‌కి తనదంటూ ఒక ఆటోపైలట్ ఉంది. ఓడకి ఇంకోటి. తగులుకున్నాక రెండూ ఒకే బండి. ఒకే స్టీరింగ్ పట్టుకుని ఇద్దరు డ్రైవర్లు, నువ్వు తప్పు తిప్పావని వీడు సర్దుతాడు, వీడు సర్దిందాన్ని వాడు సర్దుతాడు. నడుము విరిగి ముక్కలు తెరమీంచి నాలుగువైపులకీ జారిపోయాయి.

కింద ఎవరో టైరు విప్పారు. నీళ్ళ సీసా వణికింది. డ్రైవర్ దాన్ని పట్టుకున్నాడు. తాగాలనేం కాదు.

*

సాయంత్రం బావమరిది అక్కని చూడటానికి ఇంటికి వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి. నిన్నటి మొహం కాదు, నిద్రపోయి లేచిన మొహం.

"తిని వెళ్ళు చిన్నోడా," అని డ్రైవర్ భార్య వంటగదిలోకి వెళ్ళింది. "ఏమండీ, వాడికి ఆ కుర్చీ ఇవ్వండి, ఫ్యాన్ కిందది."

"కూర్చోవే అక్కా, నీ హడావిడి నువ్వూనూ. నేనేమైనా చుట్టాన్నా?"

"చుట్టానివి కాకపోతే పళ్ళెందుకు తెచ్చావురా?"

బావమరిది నవ్వి, వసారాలోకి నడిచాడు. డ్రైవర్ వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఊగుతుంది," అన్నాడు. "ఆటోపైలట్ కట్టెయ్యకపోతే ఊగుతుంది. నేను కట్టేశాను. అందుకని నాకు రాలేదు."

"ఊ."

"ఆవిడ చెప్పింది నిజం."

"అవును బావా." బావమరిది రెయిలింగ్ మీద మోచేతులు ఆన్చాడు. "నాకు తెలుసులే."

డ్రైవర్ అతని మొహంలోకి చూశాడు.

"దాన్ని బాగుచెయ్యాలంటే చాలా టైం పడుతుంది. ప్రదర్శన ముందు ఎక్కడిది? ఆవిడేమో రోజూ వచ్చి ఊగుతోంది ఊగుతోంది అంటుంది. ఎవరో ఒకరు చూసి రాలేదంటే తప్ప నోరు మూతపడేలా లేదు. నువ్వైతే కట్టేస్తావు కదా. ఎన్నిసార్లు చూశాను! నీ చెయ్యి మీద నాకు అంత నమ్మకం బావా." మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. నిజంగా మెచ్చుకుంటున్నాడు కూడా. "అబద్ధం చెప్పమని నిన్ను అడగలేదు. అడుగుతానా? నువ్వు చెప్పింది నిజమేగా. నిన్న ఆ మాటల్లో పడి నేనే కట్టెయ్యడం మర్చిపోయాను. నా ఖర్మ."

"ఆవిడ ఉద్యోగం పోయింది."

"ఎవరిదో ఒకరిది పోవాలి బావా. నాది పోతే నీదీ పోతుంది. అక్క మొహం చూడు ఒకసారి. చాన్నాళ్ళకి నవ్వుతోంది."

లోపలినుంచి పిలుపు వచ్చింది. బావమరిది వెళ్ళి భోజనానికి కూర్చుని రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. డ్రైవర్ కూడా తిన్నాడు. ఎంత తిన్నాడో భార్య చూసి చెప్తే తప్ప అతనికి తెలియలేదు.

*

మర్నాడు డ్రైవర్ వెళ్ళేసరికి నిదానమ్మ తన ఇంటి మెట్ల మీద దుప్పటి పిండుతోంది. డ్రైవర్ని చూసి పిండటం ఆపలేదు.

"ఎవరే?" అని లోపలినుంచి ముసలి గొంతు.

"ఆఫీసాయన అత్తయ్యా."

"మళ్ళీ రమ్మంటున్నారా?"

"లేదు. కుర్చీ సరిగ్గా తోశానో లేదో అడగడానికొచ్చారు."

డ్రైవర్ రెండు మెట్లు కిందే నిలబడ్డాడు. తను చూసింది చెప్పాడు. పచ్చదీపం, చెయ్యి, రెండు ఆటోపైలట్లు. బావమరిది అన్న మాట మాత్రం చెప్పలేదు.

ఆమె దుప్పటిని ఒక మెలిక తిప్పింది. నీళ్ళు మెట్లమీంచి అతని చెప్పుల దాకా వచ్చాయి.

"ఇవన్నీ నాకు తెలుసండీ. మీరు చూస్తున్నప్పుడు నేను మీ పక్కనేగా కూర్చున్నది. మీరు దర్జాగా కట్టేశారు. అప్పుడే వెలిగింది నాకు, ఎందుకు ఊగుతోందో."

"మరి చెప్పలేదే?"

"ఎవరికి? మీ బావమరిదికా? ఆయన చెప్తేనేగా మీరు కట్టేసింది?"

"లేదండి. అలవాటు. బస్సు అలవాటు."

"బస్సు అలవాటు," అంది ఆమె. నవ్వలేదు గానీ నవ్వినంత పని చేసింది. "పోన్లెండి. మీ ఇంటి మనిషిని మీరు కాపాడుకున్నారు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే కాబట్టి నన్ను కాపాడేవాళ్ళు లేరు. అంతేగా? దానికి ఇంత దూరం రావాలా?"

"నేను నిజంగానే..."

"అందరూ నిజంగానేనండీ."

ఒప్పించాలనుకున్నాడు. ఒప్పించడానికి కావలసిన వేడి గొంతులోకి రాలేదు. మాటలు చల్లగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు వచ్చాయి. ఆ గొంతు వింటే తనే తనని నమ్మేవాడు కాదు.

"రేపు ఓనర్ దగ్గర చేసి చూపిస్తాను," అన్నాడు. "మీరూ రండి."

"నేనెందుకు?"

"మీరుంటే బావుంటుంది."

"పని వెతుక్కోవడానికి ఆ వీధి మీదుగానే పోవాలి," అంది దుప్పటిని తీగ మీద విసిరి. "దారిలో ఉంది గనక వస్తా. మీ కోసం కాదు."

*

ఓనర్ గదిలో కుర్చీలు మెత్తగా ఉంటాయి. డ్రైవర్ ఓనర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఓనర్ పక్కనే నిలబడ్డాడు. నిదానమ్మ తలుపు దగ్గరే, భుజాన సంచి దించకుండా, ఇప్పుడే వెళ్ళిపోయే మనిషిలా నిలుచుంది. బావమరిదిని ఓనరే పిలిపించాడు. వచ్చి గోడకి ఆనుకున్నాడు. బావ వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. ఇంకా అర్థం కాకపోవడమే ఉంది.

"టెస్ట్ చేసింది నేను. తప్పు నాది," అన్నాడు డ్రైవర్. "ఆవిడ చెప్పింది నిజం. చూపిస్తాను."

ఆటోపైలట్‌కి స్టేషన్‌ని చూపించాడు. నీలం గీత వంపు తిరిగింది. ఇంజను మండింది, ఆగింది. ఖాళీ దారి వచ్చినచోట కాలాన్ని గబగబా తిప్పబోయి, ఎందుకో మానేశాడు. ఓనర్ గడియారం చూసుకున్నాడు. ఏసీ చప్పుడు వింటూ నలుగురూ ఆ చుక్క పెద్దదయ్యేదాకా చూశారు. ఓడ వచ్చి కొక్కెంలో కూర్చుంది.

"ఇప్పుడు చూడండి," అన్నాడు డ్రైవర్.

చూశారు. స్టేషన్ నిమ్మళంగా ఉంది. చాలాసేపు చూశారు. పలకల మీద ఎండ పడి మెరుస్తోంది.

"ఏదీ ఊగదే?" అన్నాడు ఓనర్.

డ్రైవర్ తెర మూలకి చూశాడు. దీపం లేదు. ఎప్పుడు కట్టేశాడో అతనికి తెలియదు. చెయ్యి ఒళ్ళో ఉంది, ఏమీ ఎరగనట్టు.

బావమరిది సన్నగా ఊపిరి వదిలాడు. "సర్, నేను చెప్తూనే ఉన్నాను..."

తలుపు దగ్గర ఏదో చప్పుడు. నిదానమ్మ నవ్వుతోంది. పెద్దగా కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా. ఓనర్ విసుగ్గా తిరిగి చూశాడు.

"అయ్యో రామా," అంది. "నిజంగా అలవాటేనండీ ఈయనకి!"

రెండడుగులు ముందుకేసి, భుజాన సంచి తీసి డ్రైవర్ ఒళ్ళో పెట్టింది. బరువుగా ఉంది.

"పట్టుకోండి. రెండు చేతుల్తో. నేను చెప్పేదాకా వదలకండి. పడేశారంటే లోపల గాజు గ్లాసులున్నాయి."

అతను పట్టుకున్నాడు. ఆమె అతని భుజం మీదుగా వంగి ఓడని వెనక్కి తీసింది, కాస్త దూరంలో ఆపింది, మళ్ళీ ఆటోపైలట్‌కి అప్పగించింది. పచ్చదీపం వెలిగింది. ఓడ వచ్చి కూర్చుంది.

డ్రైవర్ ఎడమచెయ్యి సంచి మీద ఒకసారి ఉలిక్కిపడింది. పిడిని గట్టిగా పట్టుకున్నాడు. గదిలో అది చూసింది ఆమె ఒక్కతే.

ఓడ ముక్కు లేచింది. స్టేషన్ కిందికి నొక్కింది. మళ్ళీ లేచింది. ఓనర్ మెడలో కార్డుని గుప్పిట్లోకి తీసుకున్నాడు. పలకలు ఊడాయి, నడుము విరిగింది. చప్పుడు లేదు.

"ఈ మీట నొక్కితే ఊగదు, నొక్కకపోతే ఇదీ సంగతి," అంది నిదానమ్మ. "మొన్న నేను చెప్పలేకపోయింది ఇదే."

ఓనర్ బావమరిది వైపు తిరిగాడు. "ఆవిడ చెప్తే, మళ్ళీ చూడమని ఈయనకే ఎందుకిచ్చావు?"

బావమరిది బావ వైపు చూశాడు. ఇప్పుడు ఆ చూపులో బతిమాలడం ఉంది.

డ్రైవర్‌కి భార్య మొహం గుర్తొచ్చింది, ఫ్యాన్ కింద కుర్చీ జరుపుతూ. దానివల్ల నోటిదాకా వచ్చిన మాట ఆగుతుందేమోనని ఒక్క క్షణం చూశాడు. ఆగలేదు.

"నేనైతే కట్టేస్తానని," అన్నాడు.

ఓనర్ నిదానమ్మని రేపటినుంచి రమ్మన్నాడు. "రేపెందుకండీ, సగం రోజు మిగిలే ఉందిగా," అని ఆమె టెస్టింగ్ గదివైపు వెళ్ళిపోయింది. ఓనర్ బావమరిదిని కూర్చోమన్నాడు. డ్రైవర్‌ని బయట ఉండమన్నాడు. ఎంతసేపో చెప్పలేదు, ఏ పని మీదో చెప్పలేదు. తలుపు మూసుకుంది.

నడవాలో బెంచీ ఉంది. డ్రైవర్ దానిమీద కూర్చున్నాడు. సంచి ఇంకా ఒళ్ళోనే ఉంది. ఇచ్చేయాలని లేచి, టెస్టింగ్ గది గుమ్మం దాకా వెళ్ళాడు. ఆమె అప్పుడే కుర్చీ లాక్కుని, బుగ్గన చెయ్యి పెట్టుకుని తెర చూస్తోంది. అతని అలికిడికి తల తిప్పింది.

"వదలమన్నానా?" అంది.

అతను వచ్చి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల బావమరిది గొంతు ఒకసారి పెరిగి, తగ్గింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. బావమరిది బయటికొచ్చి, బెంచీ ముందునుంచే, ఎవరూ లేనట్టు నడిచి, ఫోన్ చెవికి పెట్టుకుని మెట్లు దిగాడు. "అక్కా," అనడం వినబడింది. మిగతా మాటలు టైర్ల చప్పుడులో కలిసిపోయాయి.

ఎంతోసేపు పట్టలేదు. డ్రైవర్ జేబులో ఫోన్ మోగింది. ఇంటినుంచే. రెండు చేతులూ సంచి మీదే ఉన్నాయి. ఏం చెప్పాలో అతనికి తెలియలేదు, ఏదో ఒకటి చెప్పాలని మాత్రం చాన్నాళ్ళ తర్వాత గుండెల్లో కాస్త నొప్పిలాంటిది కదిలింది.

కట్టెయ్యలేదు. మోగనిచ్చాడు.